గ్రంథాలయంలో కంప్యూటర్ గది: ఇవ్వడం ఒక రోజు, నడపడం ఏడాదంతా





ఈ ఏడాది సొసైటీ జమా ఖర్చుల్లో మీకు ఒక కొత్త పద్దు కనబడుతుంది. స్కాలర్‌షిప్పులు, వితంతువులకు నెలసరి సాయం, రంజాన్ రేషన్, వైద్య సాయం మీకు తెలిసినవే. వాటి కింద 'శాఖా గ్రంథాలయం కంప్యూటర్ గది, వార్షిక నిర్వహణ' అని ఉంటుంది. జనరల్ బాడీలో కొందరు పెద్దలు దీని మీద మూడు ప్రశ్నలు వేశారు. గ్రంథాలయం ప్రభుత్వానిది కదా, దానికి మన డబ్బెందుకు? ఒకసారి కంప్యూటర్లు ఇచ్చేశాం కదా, మళ్లీ ఏటా ఖర్చేమిటి? జకాత్ సొమ్ము దీనికి వాడుతున్నారా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. సమావేశంలో రెండు నిమిషాల్లో తేలేవి కావు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

మేం చేసిన తప్పు

ఆ మండల కేంద్రం నల్లమల అంచున ఉంది. అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి బస్సులో దాదాపు రెండు గంటలు. చుట్టూ చిన్న చిన్న పల్లెలు. ఊళ్లో మసీదు వీధిలో ముస్లిం కుటుంబాలు, పక్కనే దూదేకుల (నూర్‌బాషా) వాళ్ల ఇళ్లు, కొండ వైపు వెళ్తే చెంచు గూడేలు. కూలి పని, చిల్లర వ్యాపారం, మెకానిక్ పని, కుట్టు పని, ఇవే ఎక్కువమందికి జీవనాధారం. ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి కొన్నేళ్ల కిందట మన సొసైటీ ఐదు కంప్యూటర్లు ఇచ్చింది. గోడకు శిలాఫలకం పెట్టాం, రిబ్బను కత్తిరించాం, ఫొటో తీసుకున్నాం. ఆ ఫొటో అప్పటి సావనీరులో రంగుల పేజీలో వచ్చింది కూడా.

ఆ తర్వాత మళ్లీ అటు వైపు చూడలేదు. అది మా తప్పే, ఇంకెవరిదీ కాదు.

మూడేళ్ల కిందట స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలకు ఆ ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు, ఎంసెట్ తరహా ప్రవేశ పరీక్షలో మాత్రం చాలా వెనక ర్యాంకు. కారణం అడిగాం. "ప్రశ్నలు తెలిసినవే సార్. మౌసు పట్టుకోవడం అదే మొదటిసారి. ఏది నొక్కితే ఏమవుతుందో అర్థమయ్యేసరికి అరగంట పోయింది" అంది. మీ ఊరి గ్రంథాలయంలో కంప్యూటర్లు ఉన్నాయి కదమ్మా అని అడిగాం. "ఆ గదికి తాళం ఉంటుంది సార్. పాత పేపర్లు పెట్టారు" అంది.

మరుసటి వారమే వెళ్లి చూశాం. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. రెండు కంప్యూటర్లు వోల్టేజి హెచ్చుతగ్గులకు కాలిపోయాయి. మిగతా మూడు ఆన్ చేస్తే తెర మీద గుర్తు వచ్చి తిరుగుతూ ఉండేది. ఇంటర్నెట్ రీఛార్జి ఎవరూ కట్టక ఎప్పుడో ఆగిపోయింది. వైర్లను ఎలుకలు కొరికేశాయి. గోడ మీద మన సొసైటీ పేరున్న ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఫోన్లున్నాయి కదా, కంప్యూటర్ ఎందుకు?

ఈ మాట చాలామంది అంటారు. ఫోను ఉన్నమాట నిజమే. అయితే మన పిల్లల చదువు, ఉద్యోగం తేలేది ఫోను మీద కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ తదితర కోర్సుల ప్రవేశ పరీక్ష 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇంజనీరింగ్ విభాగంలో 3 గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదే. రైల్వే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, బ్యాంకు పరీక్షలూ అంతే. పట్నంలో పిల్లవాడు కోచింగ్ సెంటర్లో యాభై నమూనా పరీక్షలు రాసి వస్తాడు. కొండ అంచు ఊరి పిల్ల పరీక్ష రోజే మొదటిసారి మౌసు పట్టుకుంటుంది. ఇద్దరికీ ప్రశ్నపత్రం ఒకటే, గడియారం ఒకటే.

దరఖాస్తుల సంగతీ ఇంతే. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్, పాస్‌పోర్టు ఫారం, హజ్ దరఖాస్తు, ఉద్యోగ నోటిఫికేషన్లు అన్నీ ఆన్‌లైనే. ఫొటో ఇన్ని కేబీల లోపు ఉండాలి, సంతకం విడిగా స్కాన్ చేయాలి, సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా పెట్టాలి అంటారు. చిన్న తెర మీద ఇవన్నీ చేసేసరికి సెషన్ గడువు అయిపోయి మొదటికి వస్తుంది. అప్పుడు నెట్ సెంటర్‌కు వెళ్లాలి. మంచి నెట్ సెంటర్ ఉన్న ఊరికి బస్సు చార్జీ, ఫారానికి రుసుము, వీటన్నిటికీ పైన ఆ రోజు కూలి పోతుంది. ఆడపిల్ల అయితే తోడు వచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. సర్వర్ పనిచేయక మర్నాడు రమ్మంటే ఖర్చు రెట్టింపు. చివరి తేదీలు దాటిపోయేది ఇలాగే.

సచివాలయం ఉంది కదా అని ఇంకో మాట. కుల, ఆదాయ ధ్రువపత్రాలు అక్కడ దొరుకుతాయి, ఆ పని బాగానే జరుగుతోంది. అయితే ఒక విద్యార్థి రోజూ వచ్చి గంటసేపు కూర్చుని టైపింగ్ నేర్చుకోవడానికో, నమూనా పరీక్ష రాసుకోవడానికో అది చోటు కాదు. ఆ చోటు గ్రంథాలయమే.

గ్రంథాలయమే ఎందుకు?

మన సొసైటీ భవనంలోనో, మసీదు పక్క గదిలోనో పెట్టవచ్చు కదా అని కొందరు సోదరులు సూచించారు. మేమూ ఆలోచించాం. గ్రంథాలయంలో పెట్టడానికి మూడు కారణాలు.

మొదటిది, అది ఇప్పటికే మనది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఊళ్లో ఇల్లున్న ప్రతివాడూ ఆ గదికి ఎంతో కొంత కట్టినవాడే. భవనం, కరెంటు బిల్లు, పుస్తకాలు, పత్రికలు, గ్రంథాలయాధికారి జీతం అన్నీ అక్కడ ఉన్నాయి. కొత్తగా భవనం కట్టే ఖర్చు మనకు లేదు.

రెండోది, అక్కడికి ఎవరైనా రావచ్చు. ఆడపిల్లను గ్రంథాలయానికి పంపడానికి తండ్రి సందేహించడు. నెట్ సెంటర్‌కు పంపాలంటే ఆలోచిస్తాడు.

మూడోది, మన తెలుగు నేలకు గ్రంథాలయాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లిన చరిత్ర ఉంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. దారి లేని ఊళ్లకు ఆనాడు కాలువే దారి అయింది. ఈనాడు ఆ పడవ చేసిన పని ఐదు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ తీగ చేయాలి.

ముస్లిం దాతల డబ్బు అందరికీ వెళ్తుంది కదా అన్న మాట కూడా చెవిన పడింది. వెళ్తుంది. వెళ్లాలి కూడా. మనం ఊళ్లో బావి తవ్విస్తే చేద వేసేవాడి పేరు అడగం. నఫిల్ సదకా ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చునన్నది ఉలమాలు చెప్పిన విషయమే. పైగా ఆ గది పది మందిదిగా ఉంటేనే పది మందీ దాన్ని కాపాడతారు.

బాగు చేయడమంటే ఏం చేశాం?

రెండోసారి వెళ్లేటప్పుడు కంప్యూటర్లు కొని తీసుకెళ్లలేదు. ముందు గదిని చూశాం. ఏ క్రమంలో పని జరిగిందో చెబుతాం, మీ ఊళ్లో ఇలాంటి పని తలపెట్టేవారికి పనికొస్తుంది.

రాతపని: జిల్లా గ్రంథాలయ సంస్థకు లేఖ రాసి అనుమతి తీసుకున్నాం. ఇచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కింది. కరెంటు బిల్లు సంస్థది, ఇంటర్నెట్ బిల్లు, మరమ్మతులు సొసైటీవి అని కాగితం మీద రాసుకున్నాం. మొదటిసారి ఈ కాగితం లేకపోబట్టే రీఛార్జి ఎవరు కట్టాలో ఎవరికీ తెలియలేదు.

కరెంటు: కంప్యూటర్లు కాలిపోవడానికి అసలు కారణం ఎర్తింగ్ లేకపోవడం. ప్లగ్ పాయింట్లో మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక తీగ లేదు. కొత్తగా గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ చేయించాం. మెయిన్ దగ్గర స్టెబిలైజర్ పెట్టించాం. వైర్లన్నీ గోడకు పైపుల్లో వేయించాం, నేల మీద ఒక్క తీగ లేదు. ఎలుకల బెడద తగ్గింది.

ఇన్వర్టర్ విషయంలో లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. బ్యాటరీ నాలుగు కాలాలు మన్నాలంటే అందులో సగమే వాడాలి. ఇన్వర్టర్లో పోయేది తీసేస్తే చేతికి వచ్చేది 750 చిల్లర. పాత కంప్యూటర్ తెరతో కలిపి దాదాపు 100 వాట్లు తాగుతుంది, కొత్త చిన్న రకం 40 వాట్ల లోపు. మా గదిలో మూడు పాతవి, రెండు కొత్తవి, వాటికి తోడు ఫ్యాను, లైటు, రౌటరు. అన్నీ కలిపితే 470 వాట్ల దాకా. ఒక్క బ్యాటరీ అయితే గంటన్నరకే చాలించుకోవాలి. రెండు పెడితే మూడు గంటల పైచిలుకు వస్తుంది. గ్రంథాలయం సాయంత్రం వేళ సరిగ్గా మూడు గంటలు. అందుకే రెండు పెట్టాం. దాత అడిగితే చెప్పగలిగేలా ప్రతి ఖర్చు వెనక ఇలాంటి లెక్క ఉంది.

యంత్రాలు: కాలిపోయిన రెండిటి స్థానంలో కొత్తవి కొన్నాం. మిగిలిన మూడిటినీ పారేయలేదు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డి వేసి, ర్యామ్ 8 జీబీకి పెంచాం. ఐదు నిమిషాలు తిరిగే కంప్యూటర్ అర నిమిషంలో తెరుచుకుంటోంది. విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఈ పాత యంత్రాలకు ఎక్కదు. అందుకని వాటిలో లినక్స్ వేశాం. అది ఉచితం, తెలుగులోనూ కనబడుతుంది, వైరస్ బాధ తక్కువ. దాతలు పాత కంప్యూటర్లు ఇస్తామని ఫోన్ చేస్తుంటారు. దయచేసి ముందు మాకు వివరాలు చెప్పండి. పనికొచ్చేదాన్ని బాగు చేయిస్తాం, పనికిరానిదాన్ని వద్దని చెబుతాం, మనసులో పెట్టుకోకండి. చెత్త ఇస్తే అది ఆ ఊరికి బరువే.

ఇంటర్నెట్: ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాం, అది తెగినప్పుడు వాడటానికి ఒక డాంగిల్ పెట్టాం. నల్లమల అంచున కేబుల్‌కు కోతులే పెద్ద శత్రువులు, వాన గాలులు ఆ తర్వాత. కనుక ఇంటర్నెట్ లేని రోజున కూడా గది ఉపయోగపడేలా ఏర్పాటు చేశాం. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు వికీపీడియాను కంప్యూటర్లోనే దాచుకున్నాం. కోలిబ్రి అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గణితం, సైన్సు పాఠాల వీడియోలు ఒకసారి దించుకుంటే చాలు, ఎంతమంది ఎన్నిసార్లు చూసినా ఇంటర్నెట్ ఖర్చు లేదు. టైపింగ్ నేర్చుకోవడానికీ నెట్ అక్కర్లేదు.

భాష: కీబోర్డుల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాం. ఉర్దూ నస్తాలీఖ్ ఫాంటు కూడా వేశాం. మదర్సా చదువుకున్న యువకులు ఉర్దూలో దరఖాస్తు టైపు చేసుకుంటూ ఉంటే చూడముచ్చటగా ఉంది.

వేళలు, పరదా, గోప్యత

యంత్రాలు బాగయ్యాక మొదటి నెల వచ్చినవాళ్లంతా మగపిల్లలే. ఎవరి కోసం ఈ పని మళ్లీ మొదలుపెట్టామో ఆ అమ్మాయిలు రాలేదు. తల్లుల్ని అడిగితే కారణం తెలిసింది. గ్రంథాలయం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. మగ్రిబ్ తర్వాత ఆడపిల్లను బయటికి పంపరు. మగపిల్లలు నాలుగుకే వచ్చి సీట్లు పట్టుకుంటున్నారు.

అందుకని నాలుగు నుంచి ఐదున్నర వరకు ఆడపిల్లలకూ మహిళలకూ మాత్రమే అని బోర్డు పెట్టించాం. ఇది ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. నాలుగు రోజులు మగపిల్లలు గొణిగారు, తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఆ వేళకు ఐదు సీట్లూ నిండుతున్నాయి, కొందరు తల్లులు పక్క బల్ల దగ్గర వారపత్రిక తిరగేస్తూ కూర్చుంటున్నారు. ఖర్చు లేకుండా చేసిన మార్పుల్లో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకొకటి లేదు.

గోప్యత గురించి కూడా ఒక మాట. బీదవాడికి ఆస్తి లేకపోవచ్చు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఉన్నాయి. అందరూ వాడే కంప్యూటర్లో ఒకరు దించుకున్న ఆధార్ కాపీ తర్వాత వచ్చిన వారికి కనబడుతుంది. మా మొదటి విడత కంప్యూటర్లను తెరిచి చూస్తే ఊళ్లో సగంమంది పత్రాలు అందులోనే ఉన్నాయి. మాకే భయం వేసింది. ఇప్పుడు ప్రతివారూ అతిథి ఖాతాలో కూర్చుంటారు. లేవగానే వాళ్లు దించుకున్నవన్నీ వాటంతటవే చెరిగిపోతాయి. పాస్‌వర్డు దాచుకోవడం ఉండదు. ప్రింటు తీసి మరిచిపోయిన కాగితాలు తాళం పెట్టెలో వేస్తాం, వారం తర్వాత చింపేస్తాం.

ఇంకో ఇబ్బంది మేం ఊహించనిది. ఫారం నింపాక ఓటీపీ వస్తుంది. ఫోను నాన్న దగ్గర ఉంటుంది, నాన్న ఎక్కడో బేల్దారి పనికి పోయి ఉంటాడు. ఓటీపీ గడువు పది నిమిషాలు. దీనికి యంత్రం ఏమీ చేయలేదు. 'ఫారం పనికి వచ్చేవారు ఆధార్‌కు కలిపిన ఫోను వెంట తెచ్చుకోండి' అని తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాం. సగం సమస్య తీరింది.

అన్నిటికన్నా ముఖ్యం మనిషి

గ్రంథాలయాధికారి మంచి మనిషి. ఆయన మీద మరో ఊరి శాఖ బాధ్యత కూడా ఉంది. ఆయన లేని రోజున గదికి తాళమే. పైగా పుస్తకాలు, పత్రికలు చూసుకుంటూ ఐదుగురికి మౌసు నేర్పడం ఒక్కరి వల్ల కాదు. అందుకే సంస్థ అనుమతితో ఆ ఊళ్లోనే డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని సహాయకురాలిగా పెట్టుకున్నాం. ఆమెకు నెలకు గౌరవ వేతనం సొసైటీ ఇస్తుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూడటం, దుమ్ము తుడవడం, రిజిస్టరు రాయడం, కొత్తగా వచ్చినవాళ్లకు పక్కన కూర్చుని చూపించడం ఆమె పని. ఫారం తాను నింపి పెట్టకుండా, వాళ్ల చేతే నింపించాలన్నది మేం పెట్టిన ఒకే ఒక నియమం. వృద్ధులకు మాత్రం మినహాయింపు.

మా ఏటి ఖర్చులో పెద్ద వాటా ఈ గౌరవ వేతనానిదే. కొందరు పెద్దలకు ఇది వృథాగా అనిపించింది. ఆ జీతంతో ఏటా ఇంకో ఐదు కంప్యూటర్లు కొనవచ్చు కదా అన్నారు. కొనవచ్చు. వాటిని కూడా తాళం వేసిన గదిలోనే పెట్టాల్సి వస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1005లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ కైరోలో దారుల్ ఇల్మ్ అనే గ్రంథాలయం తెరిచాడు. పండితులతో పాటు మామూలు జనం కూడా వచ్చి చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. దాని నిర్వహణకు వక్ఫ్ ఏర్పాటు చేశాడు. ఆ ఏటి ఖర్చుల పట్టీని చరిత్రకారుడు మఖ్రీజీ తన గ్రంథంలో భద్రపరిచాడు. రాతగాడి కాగితానికి 90 దీనార్లు, గ్రంథాలయాధికారికి 48, చిరిగిన పుస్తకాల మరమ్మతుకు 12, తాగునీటికి 12, చివరికి తలుపు పరదా బాగు చేయడానికి 1 దీనారు. చలికాలానికి పరుపులు, చాపలు కూడా లెక్కలో ఉన్నాయి. వెయ్యేళ్ల కిందట ఆ వక్ఫ్ రాసినవారికి పుస్తకాలు కొనడంతో పని అయిపోదని తెలుసు. నీళ్లు పెట్టే మనిషి, పరదా కుట్టే దారం లేకపోతే చదివేవాడు రాడని తెలుసు. మన ఇన్వర్టర్ బ్యాటరీ, ఇంటర్నెట్ బిల్లు, సహాయకురాలి వేతనం ఆ పట్టీలోని నీళ్లు, పరదాల్లాంటివే.

జకాత్ గురించి స్పష్టంగా

ఈ గదికి జకాత్ నుంచి ఒక్క రూపాయి కూడా వాడలేదు, వాడం. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలుగా స్పష్టంగా ఉంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి చేతికి అందాలి, అతడు దానికి యజమాని కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. గది, బల్ల, కంప్యూటర్ ఎవరి సొంతమూ కావు కనుక వాటికి జకాత్ చెల్లదు. మన ఉలమాల సలహా తీసుకునే ఈ పద్ధతి పెట్టుకున్నాం.

గది ఖర్చంతా సదకా, లిల్లాహ్ విరాళాల నుంచే. రెండిటికీ బ్యాంకు ఖాతాలు వేరు, రసీదు పుస్తకాలు వేరు. అదే గదికి వచ్చే ఒక బీద విద్యార్థి పరీక్ష ఫీజు కట్టలేకపోతే, అతడు అర్హుడని విచారించుకున్నాక జకాత్ నిధి నుంచి డబ్బు అతడి చేతికే ఇస్తాం. రసీదు మీద ఏ పద్దుకో రాయించడం మరిచిపోకండి.

మనిషి చనిపోయాక అతడి కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం ఆగవని దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం తెలిపారు. అవి సదకా జారియా, జనానికి ఉపయోగపడే విద్య, దువా చేసే సంతానం. జారియా అంటే పారుతూ ఉండేది. ఎండిపోయిన బావిని సదకా జారియా అనగలమా? తాళం వేసిన గదిలో కాలిపోయిన కంప్యూటర్ కూడా అంతే. పారాలంటే పూడిక తీస్తూ ఉండాలి.

ఇంకా మిగిలిన పని

అంతా బాగుందని రాసి మిమ్మల్ని సంతోషపెట్టడం మా ఉద్దేశం కాదు. నిరుడు వానాకాలంలో ఫైబర్ తెగి వారం పైన ఇంటర్నెట్ లేదు. సరిగ్గా అప్పుడే ఒక స్కాలర్‌షిప్ గడువు. డాంగిల్ మీద ఒక్కొక్కరిని కూర్చోబెట్టి నెట్టుకొచ్చాం. చెంచు గూడెం నుంచి కొందరు కుర్రాళ్లు రెండుసార్లు వచ్చి మానేశారు. బస్సు వేళకూ గ్రంథాలయం వేళకూ కుదరడం లేదు. వాళ్ల దగ్గరికే నెలకు రెండుసార్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్లాలని ఆలోచన ఉంది, మనుషులు కావాలి. చూపు లేనివారికి తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వేశాం గానీ దాన్ని నేర్పేవాళ్లు లేరు.

దాతలుగా మీరు చేయగలిగింది చెబుతాం. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చేవారి కంటే ఏడాదిలో ఒక నెల ఖర్చు తమదనేవారు మాకు ఎక్కువ అవసరం. పన్నెండు కుటుంబాలు తలా ఒక నెల తీసుకుంటే ఏడాది గడిచిపోతుంది. బ్యాటరీలు నాలుగైదేళ్లకు మార్చాలి, దానికి ఇప్పటి నుంచే విడిగా కొంత పక్కన పెడుతున్నాం. మీ పిల్లల్లో కంప్యూటర్ తెలిసినవారు ఉంటే సెలవుల్లో ఒక వారం అక్కడికి పంపండి. బస మన ఇళ్లలోనే. మొత్తాల వివరాలు ఈ సంచికలోని ఆడిట్ పేజీల్లో ఉన్నాయి, రిజిస్టరు ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇకపై ఆ గదిలో దాతల పేర్లతో ఫలకం ఉండదు. పాతదాన్ని కూడా తీసేశాం. ఆ చోట ఇప్పుడు వేళల బోర్డు ఉంది.

ఆ రోజు ఇంటర్వ్యూకు వచ్చిన అమ్మాయి మర్నాడు పరీక్ష మళ్లీ రాయలేదు. ఊళ్లోనే డిగ్రీలో చేరింది, డిగ్రీ పూర్తి చేసింది. గదిలో సహాయకురాలిగా పెట్టుకున్నామని పైన రాశామే, ఆమే ఈ అమ్మాయి. ప్రవేశ పరీక్షకు వెళ్లే పిల్లలందరికీ పరీక్ష ముందు కనీసం పదిసార్లు అధికారిక వెబ్‌సైట్‌లోని ఉచిత నమూనా పరీక్ష రాయిస్తుంది. గడియారం పెట్టి మరీ రాయిస్తుంది. ఎందుకమ్మా అంత పట్టుదల అని మేం అడగలేదు, అడగాల్సిన అవసరం లేదు.

అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలని, మీరు ఇచ్చిన ప్రతి రూపాయినీ పారే నీరుగా స్వీకరించాలని దువా చేస్తున్నాం. మా లోటుపాట్లను మన్నించి, తప్పు కనబడితే చెప్పండి. ఆమీన్.